ఆ ఇంట్లో నేను చేసిన ప్రార్థన

మా సంఘంలో యువజనుల ఆదివారం పెట్టుకున్నారు. పాస్టరుగారు ఇంటికి వచ్చి, "అన్నా, ముప్పై మూడేండ్లు రెవెన్యూలో చేసినావు. ఒక్క రిమార్కు లేకుండా దిగినావు. మన పిల్లోళ్లు గ్రూపులు రాస్తాండారు, సచివాలయాల్లో చేరుతాండారు. గవర్నమెంటు పనిలో క్రైస్తవుడు ఎట్లుండాలో నాలుగు మాటలు చెప్పు" అన్నారు. సరేనన్నాను. కాఫీ తాగి ఆయన వెళ్లిపోయారు.

ఆ నాలుగు మాటలు రాయడానికి పదకొండు రోజులుగా కూర్చుంటున్నాను. పట్టుమని పది నిమిషాలు కుర్చీలో నిలవలేకపోతున్నాను. రెండు వాక్యాలు రాయడం, చించడం, లేచి వీధి చివరిదాకా పోయి రావడం. "ఏంది నువ్వు, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?" అని మా ఆవిడ విసుక్కుంది. 

'ఒక్క రిమార్కు లేకుండా' అన్న చోటే నా కలం ఆగిపోతోంది. సర్వీసు రిజిస్టరులో లేదు, నిజమే. చెప్పాల్సింది మాత్రం ఆ రిజిస్టరుకు ఎక్కని సంగతే. దాన్ని మైకు ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు, నేను చేసిన పని మాత్రం మీరు చేయవద్దు.

మా నాయన రాసిన మాట

నా పేరు ప్రభుదాసు. జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడెక్కానో ఎవరికీ అక్కర్లేదు. చాగలమర్రి నుంచి మహానంది దాకా ఈ పక్క మండలాల్లో నేను తొక్కని గట్టు లేదు. ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాను.

మాది ఎస్సీ కుటుంబం. నాయన మిషను బడిలో అయ్యవారు. తెలియనివాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. ఎస్సీ కుటుంబంలో పుట్టినవాళ్లు క్రైస్తవంలోకి మారితే చట్టం ప్రకారం ఎస్సీ కింద రారు, బీసీ-సి కింద వస్తారు. అవకాశాలు తగ్గిపోతాయి. అందుకని మావాళ్లలో కొందరు ఆదివారం చర్చికి వస్తారు, కాగితం మీద మాత్రం తాతల నాటి మతమే ఉంచుకుంటారు. అది మోసమనేవాళ్లున్నారు. ఊరు మమ్మల్ని చూసే చూపు మారనప్పుడు కాగితం మాత్రం ఎందుకు మారాలనేవాళ్లూ ఉన్నారు. నేను రెండు వైపులా వాదించగలను.

మా నాయన ఏ వైపూ వాదించలేదు. బడి రిజిస్టరులో నా పేరు పక్కన తన చేత్తోనే 'క్రైస్తవుడు' అని రాశాడు. "దేవుని దగ్గర ఒగ మాట, కచేరీలో ఒగ మాట మనకొద్దురా" అన్నాడు. నేను అదే నిలబెట్టుకుంటూ వచ్చాను. దానికి ఎంతో గర్వపడేవాణ్ణి.

నా కొడుక్కు ఇంజనీరింగులో కోరుకున్న సీటు రాలేదు. ఇంచుమించు అదే ర్యాంకు వచ్చిన మా సంఘంలోని ఇంకో పిల్లాడికి వచ్చింది, ఎస్సీ కింద. ఆ పిల్లాడి నాయన చర్చిలో నా పక్క బెంచీలోనే కూర్చుని నాతోపాటే పాడేవాడు. ఆయన గొంతు వింటే నాకు పాట ముందుకు సాగేది కాదు. పళ్లు కొరుక్కుంటూ పాటలు పాడిన ఆదివారాలున్నాయి. ఆ మంట సంగతి గుర్తుపెట్టుకోండి.

శివరాత్రి డ్యూటీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో మహాశివరాత్రికి నాకు మహానందిలో డ్యూటీ వేశారు. వేసింది అప్పటి మా డిప్యూటీ తహసీల్దారు శెట్టి సారు. నంద్యాల బజారులో బట్టల అంగడి ఉన్న కుటుంబం ఆయనది. సోమవారం ఉపవాసం తప్పని మనిషి. పోయి, "సార్, నేను క్రైస్తవుణ్ణి, వేరే చోట వేయండి" అన్నాను.

ఆయన ఫైలు నుంచి తల ఎత్తలేదు. "నిన్ను ఆడ పూజ చేయమంటాండానా? క్యూలో నిలబడినోళ్లకు నీళ్లు అందుతాండాయా లేదా చూడమంటాండా. దప్పికకు మతమేందప్పా? పో."

పోయాను. మూడు రోజులు నీళ్ల డ్రమ్ముల దగ్గర నిలబడ్డాను. కాళ్లు వాచిపోయి నడిచి వచ్చిన ఒక ముసలామె రెండు గ్లాసులు తాగి, కొంగు ముడి విప్పి, నా నుదుట విబూది పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను. ఆమె చేయి అలాగే గాల్లో ఉండిపోయింది.

"పెట్టించుకోవా నాయనా? సరే పో. నీ దేవుడే నిన్ను సల్లగ చూడనీ" అని ఆ విబూది తన నుదుటనే రాసుకుని ముందుకు కదిలింది. నాకు సిగ్గేసింది. ఇంకొకరి భక్తి పక్కన నిలబడటం ఆమెకు వచ్చినంత సులువుగా నాకు రాలేదు.

ఆ తర్వాతి శివరాత్రి డ్యూటీలు నేనే అడిగి వేయించుకున్నాను. సంఘంలో కొందరు ముఖం ముడుచుకున్నారు, నేను పట్టించుకోలేదు. పరాయి గుడి ముందు అధికారిగా ఎలా నిలబడాలో నాకు తొందరగానే తెలిసింది. సొంతవాళ్ల ఇంట్లో ఎలా నిలబడాలన్నదే తెలియలేదు. అది కూడా నేర్చుకోవాల్సిన పనేనని అనుకోలేదు.

ఓబులేసు ఇల్లు

ఇది చాలా ఏళ్ల తర్వాతి మాట. అప్పుడు నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టరును. శెట్టి సారే మళ్లీ మా తహసీల్దారు. ఏ మండలమో చెప్పను, ఆళ్లగడ్డ చుట్టుపక్కల అనుకోండి. నేను కాపురమున్న ఊరి చర్చిలో సంఘ పెద్దను కూడా. ఆదివారం పిల్లల బడి నడిపేవాణ్ణి. సంఘం రిజిస్టర్లు రాసేదీ నేనే.

ఆ ఊళ్లో నందిని అని ఒక పిల్ల. ఆమె తండ్రి ఓబులేసుది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో రాతిపని. తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది అమ్మమ్మ సంతోషమ్మ. ఓబులేసు చర్చి గుమ్మం తొక్కడు, సంతోషమ్మ ఒక్క ఆదివారం మానదు. నందిని అవ్వ వెంట నా బడికి వచ్చేది, నాయన వెంట అహోబిలం తిరునాళ్లకూ పోయేది. దాని గురించి ఆ ఇంట్లో పోట్లాట లేదు. ఊళ్లోనూ ఎవరికీ పట్టలేదు, ఆ పిల్లకు మంచి ర్యాంకు వచ్చేదాకా.

ఎస్సీ కింద డాక్టరు సీటు ఖాయమన్నారు. రాతిపని చేసే ఇంట్లో డాక్టరు. ఓబులేసు షెడ్డులో అందరికీ మిఠాయి పంచాడు. కౌన్సెలింగుకు కొద్ది రోజుల ముందు పైఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం ఒకటి చేరింది. ఆ పిల్ల చర్చికి పోతుంది, ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు అని. విచారించి వెంటనే నివేదిక పంపమన్నారు. శెట్టి సారు కూతురి కాన్పుకని సెలవులో ఉన్నారు. ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

ఆ పిల్ల మా సంఘం పిల్ల, నేను విచారించకూడదు, పక్క మండలం వాళ్లకు అప్పగించండి అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాయలేదు. మనవాళ్ల ఇల్లు, మర్యాదగా నేనే చూసుకుంటానని సర్దిచెప్పుకున్నాను.

కుల విచారణకు పోతే మేం ముందు గోడలు చూస్తాం. ఏ పటం ఉంది, ఏ క్యాలెండరు ఉంది అని. ఆ ఇంట్లో ఒక గోడకు నరసింహ స్వామి పటం, ఎదుటి గోడకు మా చర్చి క్యాలెండరు. ఆ క్యాలెండరు కొత్త సంవత్సరం నాడు నేను ఇచ్చిందే.

సంతోషమ్మ చాప పరిచింది. "మన సారే వచ్చినాడు, ఇంగ భయమేముంది?" అని అల్లుడితో అంది.

ఓబులేసు చేతులకు ఇంకా రాతిపొడి ఉంది. "నేను హిందువునే సార్. నా బిడ్డ గూడా అంతే. ముసలామె చర్చికి పోతాంటే తోడు పోతాది" అన్నాడు.

అక్కడితో ఆపి, తండ్రి వాంగ్మూలం తీసుకుని లేచి రావచ్చు. నేను నందిని వైపు తిరిగాను.

"అమ్మా, నువ్వు ఏ దేవునికి ప్రార్థన చేస్తావు?"

ఏడేళ్లు నా ముందు కూర్చున్న పిల్ల. ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా, ప్రభువును ఎరగనని అనకూడదని నేర్పింది నేనే. అది నేర్పిన నోటితోనే అడిగాను. ఎదురుగా ఉన్నది రెవెన్యూ వాడా, ఆదివారం అయ్యవారా అన్నది ఆ పిల్లకెలా తెలుస్తుంది? ఆ నిమిషంలో నాకే తెలియదు.

"యేసయ్యకు సార్" అంది.

ఓబులేసు నేల చూపులు చూశాడు. నేను తల వంచుకుని రాసుకున్నాను.

లేవబోతుంటే సంతోషమ్మ ఎప్పటిలాగే అంది, "ప్రార్థన చేసి పో నాయనా" అని. మా ఇళ్లలో అది ఆచారం. సంఘ పెద్ద గడప దాటి లోపలికి వస్తే ప్రార్థన చేయకుండా పంపరు. నేను సంచి కింద పెట్టాను. నందిని తల మీద చేయి ఉంచి, కళ్లు మూసుకుని, ఈ బిడ్డ చదువును దీవించమని వేడుకున్నాను. అవ్వా మనవరాలూ ఆమెన్ అన్నారు. ఆ పిల్ల చెప్పిన జవాబు సంచిలో ఉంది.

ఆఫీసుకు వచ్చి రాసిన నివేదికలోని చివరి వాక్యం నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. 'విచారణ సమయంలో అభ్యర్థిని కుటుంబ సభ్యులతో కలసి క్రైస్తవ ప్రార్థనలో పాల్గొన్నట్లు గమనించడమైనది.' ఆ ప్రార్థన చేసిందెవరో రాయలేదు. అదే సాయంత్రం నంద్యాలలోని పైఆఫీసుకు పంపేశాను. గుండె మీద బరువు దిగినట్టు అనిపించింది. నాయన మాట నిలబెట్టానని ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను.

శెట్టి సారు అడిగిన ప్రశ్న

శెట్టి సారు సెలవు నుంచి వచ్చి ఆఫీసు కాపీ చదివారు. నన్ను పిలిచి తలుపు దగ్గరగా వేయమన్నారు.

"ఈ ప్రార్థన ఎవురు చేసినారు ప్రభుదాసూ?"

నేను బల్ల మీది ఫైళ్లు సర్దబోయాను.

"నిన్నే అడుగుతాండా."

"నేనే సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ పిల్లకు బాప్తిస్మం అయిందా?"

"లేదు సార్."

"ఆ సంగతి నీకు తెలుసు గదా?"

"తెలుసు సార్."

"మరి అదేల రాయలే? తండ్రి హిందువునని చెప్పింది ఒగ మూలకు తోసినావు. బాప్తిస్మం కాందే మతం మారినట్లు కాదని తెలిసీ గమ్మునున్నావు. నువ్వే ప్రార్థన చేసి, నువ్వే చూసినట్లు రాసినావు. ఏం మనిషివప్పా నువ్వు?"

"అబద్ధం రాయలేక సార్..."

"అబద్ధం రాయమని ఎవురన్నారు? మా పెదనాయన కొడుకు ఫైలు నా దగ్గరికొస్తే పక్క మండలానికి పంపిచ్చినా. నేను నిజాయితీ లేనోణ్ణనా? సొంతోళ్ల ముందర, సొంత దేవుని ముందర మనకు కండ్లు సరిగా కనపడవు. నాకూ కనపడవు, నీకూ కనపడవు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, మెల్లిగా అన్నారు. "నీ కొడుక్కు సీటు రాల్యా గదా, ఆ ఏడు?"

ఆయన అంతటితో వదిలేశారు. నేను ఇప్పటికీ వదల్లేకపోతున్నాను. ఆ నివేదికలో మా నాయన మాట ఎంత, నా కొడుకు సీటు మంట ఎంత? నిజం రాశానని ఎవరికైనా చెప్పగలను, ఎందుకు రాశానో మాత్రం చెప్పలేను. ఆ పిల్ల జవాబు చెప్పినప్పుడు నాలో ఏదో మూల 'దొరికింది' అనిపించింది. ఈ ముక్క రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

శెట్టి సారు ఆ రోజే పైకి రాసి, మళ్లీ విచారణ వేయించారు. వచ్చిన అధికారి పిల్లను ఒక్క మాట అడగలేదు. బడి రిజిస్టరు చూశాడు, సంఘం రిజిస్టరు చూశాడు, ఇరుగుపొరుగును అడిగాడు, తండ్రి చెప్పింది రాసుకున్నాడు. సర్టిఫికెట్ చెల్లుతుందని తేల్చాడు. ఆ కాగితం చేతికొచ్చేసరికి కౌన్సెలింగు ముగిసి రెండు నెలలైంది. సీటు వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఇంకో ఏడాది ఇంట్లో కూర్చుని మళ్లీ పరీక్ష రాయడానికి ఆ పిల్లకు మనసొప్పలేదు. నర్సింగులో చేరింది.

నా మీద చర్య ఏమీ లేదు. నివేదికలో ఒక్క మాట కూడా అబద్ధం కాదు మరి.

కొత్తగా చేరేవాళ్లకు

లంచం ముట్టకపోతే చాలు, క్రైస్తవ అధికారి అయిపోయినట్టేనని మా తరం అనుకుంది. నేను ముట్టలేదు. అయినా నా చేతుల్లోనే ఒక పిల్ల సీటు పోయింది. మీ సంఘం ఫైలు మీ బల్ల మీదికి వస్తే, నేను ఈ సంఘం మనిషినని పైవాళ్లకు రాసి పక్కకు జరగండి. అందులో మీ విశ్వాసానికి వచ్చే అవమానం ఏమీ లేదు. ప్రార్థనకు పిలిచిన ఇంట్లో పెన్ను తీయొద్దు. పెన్ను తీయాల్సిన ఇంట్లో ప్రార్థన చేయొద్దు.

ఇప్పటి పద్ధతులు చూస్తే నా మనసు కుదురుగా ఉండటం లేదు. దేవుని గురించి సాక్ష్యమంటే ఫోనులో స్టేటస్ పెట్టడమనుకుంటున్నారు. ఆఫీసు కంప్యూటరు మీద బైబిలు వాక్యం స్టిక్కరు ఉంటుంది, దాని ముందు ముసలివాళ్లు పింఛను కోసం గంటలకొద్దీ నిలబడి ఉంటారు. క్రిస్మస్ కూటంలో ముందు వరస కుర్చీలు నాయకులకు. వాళ్లు కేకు కోసి ఫోటో దిగి పోయేదాకా పాట ఆపుతారు. మరో పక్క, ఎవరింట్లో ఏ ప్రార్థన జరుగుతోందో కిటికీలోంచి ఫోనులో తీసి పంపేవాళ్లు తయారయ్యారు. మా సంఘంలో అందరూ వాళ్లను తిడతారు. నేను నోరు మెదపను. ఆ పని వాళ్లకంటే ముందే నేను చేశాను, అదీ చాప మీద కూర్చుని.

మొన్నటి గురువారం

సంతోషమ్మ పోయి నాలుగేళ్లయింది. నందిని నంద్యాలలోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఒకే ఊళ్లో ఉంటూ ఇన్నేళ్లూ నేను ఆ ఇంటికి పోలేదు. ఎక్కడ ఎదురుపడుతుందోనని ఆ ఆస్పత్రి వీధి తప్పించి చుట్టు తిరిగి నడిచేవాణ్ణి. యువజనులకు నీతులు చెప్పడానికి ఒప్పుకున్నాక ఇక తప్పించుకోలేకపోయాను. మొన్న గురువారం పొద్దున పోయి తలుపు కొట్టాను.

"రాండి సార్" అంది, ఆశ్చర్యపోకుండా. కుర్చీ వేసింది. మంచినీళ్లు ఇచ్చింది.

"తప్పు చేసినానమ్మా" అన్నాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్లో ఆ ఒక్కటే మిగిలింది.

"తెలుసు సార్. మీరు రాసిన దాని నకలు మాకిచ్చినారు. సదివినా." ఎదురుగా మంచం మీద కూర్చుంది. "సీటు గురించి ఏడ్చేదంతా అప్పుడే అయిపోయింది. మీరు అడిగినారు, నేను చెప్పినా. అదీ నాకు బాధ లే. ఇప్పుడు అడిగినా అదే చెప్తా."

నేను నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"ఆ కాయితం మా నాయన నాతో సదివిచ్చుకున్నాడు. మా అవ్వ పక్కనే ఉండాది. అంతా విని, 'ప్రార్థన చేసి పో అన్నింది నేనే గదా' అనింది. అంతే సార్. ఆ పొద్దు నుంచి సచ్చిపోయేదాకా, ఇంటికి ఎవురొచ్చినా ఆ మాట అనలే. పాస్టరొచ్చినా అనలే. తన నోటి వల్లే నా సీటు పోయిందనుకుండాది. కాదవ్వా అని నేనెంత చెప్పినా ఇన్లే."

అప్పుడు ఏడ్చాను. అరవై దాటినవాడు ఒక ఆడపిల్ల ముందు అలా ఏడవడం బాగుండదని తెలుసు. ఆపుకోలేకపోయాను. ఇన్నేళ్లూ నేను లెక్కపెట్టుకున్నది ఒక్క సీటు. సంతోషమ్మ నా లెక్కలోనే లేదు.

నందిని లేచి టీ పెట్టింది. నేను గ్లాసు అందుకుంటుంటే నా పాదాలు చూసి, "కాళ్లు వాచినాయి సార్. బీపీ మాత్రలు సరిగా ఏసుకుంటాండారా?" అంది. ఏసుకుంటున్నానన్నాను. మా ఆవిడ ఎలా ఉందని అడిగింది. ఓబులేసు ఇంకా షెడ్డుకు పోతున్నాడని చెప్పింది. టీ అయిపోయింది.

లేచాను. మా ఇళ్లలో సంఘ పెద్ద లేచి నిలబడగానే ఆ ఇంటివాళ్లు ఒక మాట అంటారు. నేను గుమ్మం దగ్గరికి నడిచి, చెప్పులు వేసుకున్నాను. పట్టీ సరిగానే ఉంది, అయినా వంగి ఇంకోసారి సర్దుకున్నాను. నందిని తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఈడ మెట్టు ఎత్తుగా ఉంటాది సార్" అంది. "చూసుకోని దిగండి."